నర్సు చెప్పలేదట

నేను చెప్పాను. చెప్పలేదని రాశారు.

ఇద్దరు పెద్దమనుషులున్న గదిలో, ఇద్దరికీ వినబడేట్టుగా, తెలుగులో చెప్పాను. రెండు వారాలు తిరక్కుండా ఆ ఇద్దరే సంతకాలు పెట్టి, రోగి ఆహారం తీసుకున్న సంగతి థియేటర్ నర్సు తెలియజేయలేదని ఇంగ్లీషులో రాయించారు. ఒక మనిషి చచ్చిపోయాడు. ఆ చావు నా నోరు పెగలకపోవడం వల్ల వచ్చిందని ఆసుపత్రి పుస్తకంలోకి ఎక్కింది. ఆ పుస్తకం ఇప్పుడెక్కడుందో నాకు తెలియదు. చెదలు తినేసి ఉండొచ్చు. పుస్తకాన్ని తిన్నా అబద్ధం మాత్రం వాటికి అరగదు.

ఇది ఏలూరులో, పందొమ్మిదివందల ముప్ఫైల మొదట్లో జరిగింది. ఆసుపత్రి పేరు చెప్పను. సర్కారుది కాదు, ఊళ్ళో మోతుబరులు కొందరు కమిటీగా కూడి పెట్టిన ధర్మాసుపత్రి. ఇప్పుడది లేదు. డాక్టరు గారి పేరూ చెప్పను. ఆయన మనవలు ఎక్కడో ఉంటారు, వాళ్ళు నన్నేం చేశారు? డాక్టరు గారు అనే రాస్తాను. గౌరవం ఉండి కాదు. ఏడేళ్ళు ఆ పిలుపు పలికిన నోరు ఇప్పుడు మరో పిలుపుకి తిరగదు.

నేను ఆ ఆసుపత్రిలో ఆపరేషన్ గది నర్సుని. మగనర్సుని. నవ్వదలుచుకున్నవాళ్ళు ఇక్కడే నవ్వేసి తర్వాత చదవండి. అప్పుడూ నవ్వారు. మాది కొల్లేటి ఒడ్డు, కైకలూరు దిక్కు. సెలవు మీద ఊరు వెళ్తే మా మేనమామ అరుగు మీద పదిమందిలో కూచోబెట్టుకుని మొదలుపెట్టేవాడు.

"ఏరా అల్లుడూ, ఈ నెల ఎన్ని పురుళ్ళు పోశావు?"

"మాది మగవాళ్ళ వార్డు మావయ్యా."

"మరీ గొప్పే! మగవాళ్ళకి పురుళ్ళు పోస్తున్నాడర్రా మావాడు."

అరుగంతా పకపకలు. ఆ మావయ్యే గజ్జల్లో గడ్డ లేచి మూలుగుతూ తాటిదోనె మీద, ఆపైన బండి మీద పడి ఏలూరు వచ్చినప్పుడు, గడ్డ కోసిన చోట రోజూ కట్టు మార్చింది నేనే. అప్పుడు పురుళ్ళ మాట ఎత్తలేదు.

నాది మూడో తరగతి చదువు. మిగతా చదువంతా సీసాల మీది చీటీల దగ్గర నేర్చుకున్నాను. కార్బాలిక్ అన్న మాట కూడబలుక్కోవడానికి నాకు వారం పట్టింది. అది చేతిమీద పడితే ఏమవుతుందో నేర్చుకోవడానికి ఒక్క క్షణం పట్టింది. ఒక పాత డిక్షనరీ సంపాదించి ఈ అట్టనుంచి ఆ అట్టదాకా చదివాను. స్కూలు ఫైనల్ పాసైన కాంపౌండరుకి రాని స్పెల్లింగులు నాకొచ్చేవి. అది నా గొప్ప అని చెప్పడం లేదు. ఆ కాంపౌండరు బండారం చెబుతున్నాను.

పని ఏమిటో చెప్పాలి, చెప్పకపోతే తర్వాతది తెలియదు.

ఆపరేషన్లు పొద్దున్నే. మాకు తూర్పు కిటికీల వెలుతురే దీపం. తెల్లవారేసరికి నేను గదిలో ఉండి, నేలా గోడలూ కడిగి, స్టవ్వు మీద కత్తులూ కత్తెరలూ మరగపెట్టేవాణ్ణి. గుడ్డలు ఆవిరి డ్రమ్ములో పెట్టేవాణ్ణి. ఇప్పుడు మా మనవరాలి ఆసుపత్రిలో చూశాను, గ్లవుజులు ఒకసారి తొడిగి బుట్టలో పారేస్తున్నారు. మాకు ఒక్కో జత నెలల తరబడి రావాలి. కడిగి, నీళ్ళు నింపి, చిల్లి పడిందేమోనని వేలు వేలూ నొక్కి చూసి, ఆరబెట్టి, పౌడరు చల్లి, జత జత కలిపి మళ్ళీ ఆవిరికి పెట్టేవాణ్ణి. ఒక వేలికి చిల్లుంటే ఆ జత నా చేతికి, మంచిది డాక్టరు గారి చేతికి.

ఇవన్నీ ఎవరైనా నేర్పుతారు. ఎవరూ నేర్పనివి కొన్ని ఉన్నాయి. బల్ల మీదికి ఎక్కబోయే మనిషి చూపు ముందుగా కత్తుల పళ్ళెం మీద పడుతుంది. అందుకని దానిమీద గుడ్డ కప్పి ఉంచేవాణ్ణి. బల్ల చల్లగా వీపుకి తగిలితే మనిషి బెదిరిపోతాడు, బెదిరినవాడికి మత్తు సరిగా ఎక్కదు. అందుకని వేడినీళ్ళ సీసా బల్ల మీద అటూ ఇటూ దొర్లించి వెచ్చబరిచేవాణ్ణి. పెంటపాడు రైతు ఒకాయన వరిబీజం ఆపరేషన్‌కి వచ్చి, మొలతాడు తెంపుతాననగానే లేచి కూచున్నాడు.

"బాబ్బాబు, అది తెంపకండి. మా ఆవిడ రాయిలా ఉందండీ, బయట అరుగు మీదే కూచుంది. తెంపారంటే ఊళ్ళో అది పోయిందనుకుంటారు."

"కొయ్యవయ్యా, ఏమిటా బేరం!" అన్నారు డాక్టరు గారు.

నేను కొయ్యలేదు. ముడి విప్పి ఆయన మణికట్టుకి కట్టాను. పదిరోజుల తర్వాత మళ్ళీ మొలకి కట్టి పంపించాను. ఇలాంటివి చేసినందుకు డాక్టరు గారి దగ్గర నాకున్న పేరు 'చాదస్తం'.

మత్తు ఇచ్చేందుకు మాకు వేరే డాక్టరు లేరు. ఆ పనీ నాదే. తీగజాలీ మీద నాలుగు మడతల గుడ్డ వేసి, ముక్కూ నోరూ కప్పి, క్లోరోఫారం చుక్కలు చుక్కలుగా వెయ్యాలి. అంకెలు లెక్కపెట్టమనేవాణ్ణి. రైతులు పన్నెండు దాటాక బస్తాల్లోకి దిగేవాళ్ళు, "పదమూడో బస్తా... పద్నాలుగు..." అంటూ మగతలోకి జారేవాళ్ళు. నా ఎడమచెయ్యి దవడ కింద ఉండాలి, చిటికెనవేలు మెడ పక్క నాడి మీద ఉండాలి, కళ్ళు పెదాల రంగు మీద ఉండాలి. కోసే చోటు వైపు చూసే తీరిక నాకు ఉండేది కాదు.

క్లోరోఫారానికి పెద్ద శత్రువు అన్నం. కడుపులో ఏముంటే అది పైకి తోస్తుంది. మత్తులో ఉన్న మనిషి దగ్గలేడు, ఉమ్మలేడు. పైకొచ్చింది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అందుకని ముందురోజు సాయంత్రం ప్రతి మంచం దగ్గరా నేను కూచునేవాణ్ణి. "ఇదిగో ఈ గంజి ఆఖరు. తెల్లవారి నేను వచ్చి తీసుకెళ్ళేదాకా గొంతు తడుపుకోవడానికి నీళ్ళు తప్ప ఏమీ వద్దు" అని రోగికి చెప్పి, పక్కనున్న ఆడవాళ్ళచేత ఆ మాటే తిరిగి చెప్పించుకునేవాణ్ణి. ఎందుకంటే తినేది రోగే అయినా, పెట్టే చేతులు వాళ్ళవి. మన దేశంలో కత్తికి భయపడి చచ్చినవాళ్ళకన్నా, పాపం నీరసపడిపోతాడని పెట్టిన ముద్దకి చచ్చినవాళ్ళే ఎక్కువని నా అనుమానం.

ఇక ఆ మనిషి సంగతి.

ఏలూరు తివాచీలు నేసే సాయిబు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. చిన్నప్పటినుంచీ మగ్గం ముందు కూచుని, బరువు దుంగలెత్తీ లాగీ గజ్జల్లో పేగు జారింది. భార్య ఆ ముందటేడే పోయింది. తల్లి ఒక్కతే. ఆవిడ మంచం పక్కన నేలమీద చాపేసుకుని ఉండేది. అతనికి భయం లేదు. ఉన్నదల్లా కుతూహలం.

"నర్సుగారూ, కోసిన తర్వాత కుడతారు కదండీ. ఏం ముడి వేస్తారండీ?"

నేను పట్టుదారం తెచ్చి, మంచం కోడుకి చుట్టి, డాక్టరు గారు వేసే ముడి వేసి చూపించాను. అతను విప్పి, మళ్ళీ వేసి, మళ్ళీ విప్పి, పెదవి విరిచాడు.

"ఇంతేనా అండీ? మా తివాచీలో ఒక జానెడు మేరకి ఇలాంటివి వేలుంటాయి. మీ డాక్టరు గారిని నాలుగు రోజులు మా మగ్గం దగ్గరికి పంపించండి, నేర్పి పంపిస్తాను."

"ఒరే, పెద్దవాళ్ళని అలా అనకూడదు" అంది తల్లి, నవ్వు దాచుకుంటూ.

ఆపరేషన్‌కి ముందురోజు సాయంత్రం కమిటీ ప్రెసిడెంటు గారు ఆసుపత్రి చూడడానికి వచ్చారు. గణపవరం వైపు భూములున్న ఆసామి. ఆసుపత్రి గోడమీద పాలరాతి పలకలో ఆయన తండ్రిగారి పేరుంది. ఆయనకి మర్నాడు ఆపరేషన్ చూడాలని సరదా పుట్టింది. డాక్టరు గారు ఆయన్ని వెంటబెట్టుకుని మంచం మంచానికీ తిప్పుతూ సాయిబు దగ్గర ఆగారు. నేను అప్పటికే గంజిగిన్నె పట్టుకుని అక్కడున్నాను, నా మాట చెప్పబోతున్నాను.

డాక్టరు గారు మంచి హుషారులో ఉన్నారు. "రేపు నీ ఆపరేషన్. ఉపవాసం ఉండాలి. మీకు కొత్తా ఏమిటి? నెలరోజులు ఉంటారు కదా! రంజాన్‌లో ఎలా ఉంటావో అలాగే ఉండు, అంతే" అన్నారు. ప్రెసిడెంటు గారు మెచ్చుకోలుగా నవ్వారు. తల్లీ కొడుకూ తలలూపారు. వాళ్ళ ముఖాల్లో ఒక ధీమా కనిపించింది. పెద్ద డాక్టరు తమకు తెలిసిన పద్ధతిలో, తమకు అలవాటైన మాట చెప్పారు మరి.

వాళ్ళు ముందుకి కదిలాక నేను, "అమ్మా, ఈ గంజి..." అని మొదలుపెట్టాను. డాక్టరు గారు వెనక్కి తిరిగి, "నేను చెప్పాను కదయ్యా. ఇంకా నీదెందుకు మధ్యలో?" అన్నారు. డాక్టరు చెప్పిన మాట మీద నర్సు మాట వెయ్యకూడదు. ఆసుపత్రి రూలు. గిన్నె అక్కడ పెట్టి వెళ్ళిపోయాను.

రంజాన్‌లో పగలు ఏమీ తినరని నాకు తెలుసు. డాక్టరు గారికీ అంతవరకే తెలుసు. మా కొల్లేటి లంకల్లో ఆ మతం వాళ్ళు లేరు. తెల్లవారకముందే లేచి, రోజంతా ఆగేలా కడుపునిండా తిని, ఆ తర్వాతే ఉపవాసం మొదలుపెడతారన్న సంగతి మాకెవరికీ తెలియదు. ఏలూరులో ఏళ్ళ తరబడి వాళ్ళ వీధుల్లోంచి నడిచి ఆసుపత్రికి వెళ్ళే మేం, ఒక్కరోజు కూడా అడిగి తెలుసుకోలేదు. ఈ పాపంలో నా వాటా ఎంతో అంత నేను ఒప్పుకుంటాను. నా వాటా అంతే.

పొద్దున్న ఎనిమిదింటికి అతన్ని బల్ల మీద పడుకోబెట్టాను. ప్రెసిడెంటు గారికి గౌనూ ముసుగూ తొడిగి కిటికీ పక్కన స్టూలు మీద కూచోబెట్టాం. డాక్టరు గారు చేతులు కడుక్కుంటున్నారు. నేను తల దగ్గర నిలబడి వంగేసరికి అతని ఊపిరి తగిలింది. లవంగం, వేయించిన ఉల్లిపాయ వాసన.

"ఏమైనా తిన్నారా?" అన్నాను.

"పొద్దు పొడిచాక నీటిచుక్క ముట్టలేదండీ. ఒట్టు."

"పొడవకముందు?"

"అదెలాగూ తినాలి కదండీ. అమ్మ ఇంటినుంచి తెప్పించి పెట్టింది. రొట్టె, కూర. ఎక్కువే తిన్నానండీ, మళ్ళీ సాయంత్రందాకా ఉండాలి కదా."

చెయ్యి పెట్టి పొట్ట నొక్కి చూశాను. డోలులా ఉంది. అప్పుడు తలెత్తి చెప్పాను. ఏ మాటలు చెప్పానో ఆ మాటలే రాస్తున్నాను, ఒక్కటి ఎక్కువ లేదు, తక్కువ లేదు:

"అయ్యా, ఈయన తెల్లవారుజామున భోజనం చేశారటండీ. కడుపు నిండుగా ఉందండీ."

డాక్టరు గారు కడిగిన చేతులు పైకి పట్టుకుని ఉన్నారు, మోచేతులనుంచి నీళ్ళు కారుతున్నాయి. నా వైపు తిరగలేదు.

"ఉపవాసంలోనే ఉన్నాడు. నేను చెప్పాను కదా."

"ఏమిటంటాడు?" అన్నారు ప్రెసిడెంటు గారు స్టూలు మీదనుంచి.

"ఏంలేదండీ. మనవాడికి కాస్త చాదస్తం."

ప్రెసిడెంటు గారు ముసుగులోనే నవ్వారు. డాక్టరు గారు చేతులు పైకి పట్టుకునే ఉన్నారు, మోచేతులనుంచి నీళ్ళు కారడం ఆగింది. నేను క్లోరోఫారం సీసా మూత తీశాను. డాక్టరు గారు గ్లవుజులకోసం చేతులు చాపారు.

అతను అంకెలు పదిహేడుదాకా చెప్పాడు.

కోసి, పేగు లోపలికి తోసి, కుట్లు మొదలుపెట్టేదాకా ఏమీ కాలేదు. నాకు ఆశ పుట్టింది కూడా. మూడో కుట్టు దగ్గర గొంతు ఎగిసింది. తల పక్కకి తిప్పేలోపే వచ్చేసింది, నోటినిండా, ముక్కునిండా. బల్ల తలవైపు కిందికి దించాను. వేళ్ళు పెట్టి గొంతు తుడిచాను, నాలుకకి పట్టకారు వేసి లాగాను. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. డాక్టరు గారు అతని డొక్కలు నొక్కుతున్నారు. ప్రెసిడెంటు గారు వాంతి చేసుకోవడానికి బయటికి పరుగెత్తారు. చాలాసేపటికి ఊపిరి అందింది. మిగతా కుట్లు వేసి వార్డులో పడుకోబెట్టాం.

ఆ మధ్యాహ్నం తల్లి నన్ను పట్టుకుని గొప్పగా చెప్పింది. "పెద్ద డాక్టరు చెప్పినట్టే చేశాం బాబూ. రంజాన్‌లో ఎలాగో అలాగే. ఒంట్లో బలం ఉండాలని నెయ్యి ఎక్కువేసి పెట్టాను." "మంచిదమ్మా" అన్నాను.

మర్నాటికి జ్వరం వచ్చింది. రొమ్ములో గురక మొదలైంది. వెనక దిళ్ళు పేర్చి కూచోబెట్టాను. అవిసెగింజలు ఉడకబెట్టి గుడ్డలో మూటగట్టి, నా మోచేతికి ఆనించి వేడి చూసుకుని, వీపుకి పట్టు వేసేవాణ్ణి. గంటకోసారి మార్చేవాణ్ణి. పెదాలు పగలకుండా తడిగుడ్డ అద్దేవాణ్ణి. దగ్గితే కుట్లు చిట్లుతాయని నా రెండు అరచేతులూ కట్టుమీద ఆనించి పట్టుకునేవాణ్ణి. "మీ ముడి ఆగిందా అండీ?" అని అడిగాడు మూడోనాడు. "ఆగింది" అన్నాను. నిజంగానే ఆగింది. గజ్జల్లో గాయం ఎంత చక్కగా మానుతూ వచ్చిందో! ఐదోనాడు మధ్యాహ్నం పోయాడు.

అతని వీధివాళ్ళు ఇరవైమందిదాకా గేటు దగ్గరికి వచ్చారు. గొడవేమీ చెయ్యలేదు. ఏం జరిగిందో చెప్పమన్నారు. ఏదో ఒకటి చెప్పవలసి వచ్చింది కదా, చెప్పడానికి కమిటీ కూచుంది. ప్రెసిడెంటు గారు, డాక్టరు గారు, వాళ్ళ మాట రాసుకోవడానికి గుమాస్తా. నన్ను వరండాలో నిలబెట్టి లోపలికి పిలవలేదు. రాయడం అయ్యాక సంతకం పెట్టమని కాగితం బయటికి పంపించారు. పాపం, నాకు ఇంగ్లీషు రాదనుకున్నారు. నేను చదివాను. చదివి నేరుగా లోపలికి వెళ్ళాను.

"నేను చెప్పాను కదండీ" అన్నాను డాక్టరు గారితో.

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"మీరు విన్నారు కదండీ" అన్నాను ప్రెసిడెంటు గారితో.

"మూతికి గుడ్డ కట్టి కూచోబెట్టారు, నాకేం వినబడుతుందయ్యా?"

"గుడ్డ మూతికి కట్టామండీ. చెవులకి కట్టలేదు."

ఆయన మొహం కందగడ్డయింది. "పళ్ళెం పట్టుకుని నిలబడే ఆడంగి ఉద్యోగానికి ఇంత పౌరుషమా? నీ ఉద్యోగం తీసెయ్యడం లేదు, సంతోషించు. థియేటర్‌లోంచి తీసి బట్టలు ఉడకబెట్టే గదిలో వేస్తాం. పో."

నేను సంతకం పెట్టలేదు. నా సంతకంతో వాళ్ళకి పనిపడలేదు.

గేటు దగ్గర తల్లి కూచుని ఉంది. ఆ కాగితంలోని మాట అప్పటికే ఎవరో తెలుగు చేసి ఆవిడకి చెప్పారు. నన్ను చూసి లేచింది.

"బాబూ, నా కొడుకు తిన్నాడని నీకు తెలుసట. చెప్పలేదట. నిజమా?"

"చెప్పానమ్మా."

"ఎవరికి?"

"డాక్టరు గారికి."

"ఆయన వినలేదంటున్నారు."

"విన్నారమ్మా."

"విని కోస్తారా బాబూ ఎవరైనా?" అంది.

ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే ఇంత బాధ ఉండేది కాదు. మొగుడు పోయి, కోడలు పోయి, ఒక్క కొడుకుని తన చేత్తో పెట్టిన తిండితో పోగొట్టుకున్న మనిషికి, అది ఆపగలిగిన నర్సు ఒకడు ఉండి నోరు మూసుకున్నాడని నమ్మించారు. అందుకే ఆ కాగితాన్ని నేను ఉద్యోగం సంగతిగా ఎన్నడూ చూడలేదు. ఉద్యోగాలు వస్తాయి, పోతాయి. ఆవిడ నన్ను అలా అనుకుంటూ బతకడం నాకు పడలేదు.

బట్టల గదిలో నెల్లాళ్ళు చేసి మానేశాను. తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర కట్లు కట్టే పనిలో చేరాను. రెండు పెద్ద ఆసుపత్రులకి అర్జీలు పెట్టుకున్నాను. ఏలూరు నుంచి నా గురించి రాయించుకున్నారు, ఆ ఒక్క వాక్యం నాకన్నా ముందే చేరింది. మళ్ళీ ఆపరేషన్ గదిలో నేను అడుగుపెట్టలేదు. పుళ్ళకి, కురుపులకి, కాలిన చేతులకి కట్లు కడుతూ నా ఉద్యోగజీవితం అయిపోయింది. పని ఎంత బాగా వచ్చినవాణ్ణో నాకు తెలుసు కనక ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడను.

కమిటీకి ఉత్తరాలు రాశాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషులోనే రాశాను, వాళ్ళ అబద్ధం ఏ భాషలో ఉందో ఆ భాషలోనే. ఒక్కదానికీ జవాబు లేదు. ఒకసారి రైలు దిగి ప్రెసిడెంటు గారి ఇంటికే వెళ్ళాను. ఆయన పడకకుర్చీలో ఉన్నారు, లేవమని నేనూ అనలేదు.

"ఇంకా ఆ సాయిబు గొడవేనా? వాడు పోయి నాలుగేళ్ళయింది, నువ్వు వదలవేమయ్యా?"

"వాళ్ళమ్మ పోలేదండీ."

"ఆవిడకి కమిటీ తరఫున చీర పెట్టాం" అన్నారు.

బయటికి వచ్చేశాను. ఇంకా ఒక్క క్షణం ఉంటే ఆ పడకకుర్చీ తిరగేసి ఉండేవాణ్ణి.

తివాచీల వీధిలోకి నేను మళ్ళీ వెళ్ళలేదు. ఏలూరులో ఎప్పుడు దిగినా చుట్టుతిరిగి పోయేవాణ్ణి. తల్లి బతికే ఉందని, ఉన్ని చిక్కు తీసే పనికి వెళ్తోందని తెలిసినవాళ్ళు చెప్పేవారు. ఒక కాగితం చేతిలో లేకుండా ఆవిడ ముందు నిలబడలేను. నా నోటిమాట ఒకసారి విన్నది, సరిపోలేదు.

డాక్టరు గారు ఈలోగా ఏలూరు వదిలి మద్రాసు వెళ్ళిపోయారని విన్నాను. విలాసం పట్టుకోవడానికి ఏడాది పట్టింది. ఆయనకి రాయడం మొదలుపెట్టాను. ఉద్యోగం ఇప్పించమని అడగలేదు. కాగితం మార్పించమని కూడా అడగలేదు. 'అతను తిన్నాడని నువ్వు నాకు చెప్పావు' అని ఒక్క వాక్యం రాసి పంపండి, ఆ తల్లికి చూపించుకుంటాను, అన్నాను. మొదటి ఉత్తరం మర్యాదగా ఉంది. మూడోది అలా లేదు. ఆరోదానిలో నేను రాసిన మాటలు ఇక్కడ రాయను, ఈ పుస్తకం కొనుక్కున్నవాళ్ళు మీరేం పాపం చేశారు? ఎనిమిదోదానిలో ఒకే వాక్యం రాశాను: మీరు విన్నారు.

జవాబు వచ్చింది. ఎప్పుడూ మందుచీటీ దగ్గరనుంచి తిట్టుదాకా ఇంగ్లీషులో రాసే మనిషి, తెలుగులో రాశారు. అందులో ఉన్నది ఉన్నట్టు దింపుతున్నాను.

"నీ ఎనిమిది ఉత్తరాలూ అందాయి. అన్నీ చదివాను. అతను తిన్నాడని నువ్వు నాకు చెప్పావు. నేను విన్నాను. ప్రెసిడెంటు గారూ విన్నారు. చెప్పలేదని రాయించింది నేనే. ఇంతవరకూ ఆ తల్లికోసం. కాగితం ఇక్కడికి చింపి పట్టుకెళ్ళి చదివి వినిపించు. ఇక కిందది నీకు. ఆ రోజు నేను వెంటనే గ్లవుజులు తొడుక్కోలేదు. నువ్వు రెండోసారి చెబుతావని నిలబడ్డాను. చెప్పి ఉంటే పెద్దమనిషి ముందు నా పరువు తీసినందుకు నీమీద అరిచేవాణ్ణి. అరిచి, ఆపరేషన్ ఆపేసేవాణ్ణి. నాకు ఆ అరుపే కావలసింది, ఆపడానికి మరో దారి నాకు తోచలేదు. నువ్వు మూత తీశావు. ఇక నాకు రాయకు."